మూడ్ డైరీ యాప్ సమీక్ష: ఆకుపచ్చ వారాలను ఎంతవరకు నమ్మవచ్చు?

బైపోలార్ డిజార్డర్ (మనసు కొన్నాళ్ళు బాగా కుంగిపోయి, కొన్నాళ్ళు అతిగా ఉరకలెత్తే మానసిక సమస్య) లక్షణాలను తొలిదశలోనే పసిగట్టడానికి సాయపడుతుందన్న ప్రకటన చూసి ఈ మూడ్ డైరీ యాప్‌ను మా అన్నయ్య ఫోన్‌లో వేసుకున్నాము. అతనికి బైపోలార్ టైప్ 2 (డిప్రెషన్‌తో పాటు, ఉత్సాహం పొంగే దశ తక్కువ తీవ్రతతో వచ్చే రకం) ఉందని సైకియాట్రిస్ట్ నిర్ధారించి కొంతకాలమైంది, మందులు క్రమంగానే వాడుతున్నాడు. మళ్ళీ ఎపిసోడ్ మొదలవుతున్నప్పుడు ఇంట్లోవాళ్ళకు కాస్త ముందుగా తెలియాలన్నదే మా అవసరం. ఈ కోవలో యాప్‌లు చాలా ఉన్నాయి, చూసినంతలో వాటిలో ఎక్కువ భాగం ఒకే పద్ధతిలో నడుస్తున్నాయి కాబట్టి పేరు రాయకుండా పనితీరు గురించే చెబుతాను.

రాత్రి నిర్ణీత సమయానికి నోటిఫికేషన్ వస్తుంది, తెరిస్తే అయిదు ముఖాల బొమ్మలు కనిపిస్తాయి. ఏడుపు ముఖం ఎరుపు, నవ్వు ముఖం ఆకుపచ్చ. ఆ రోజు ఎలా గడిచిందో దానికి తగిన బొమ్మను నొక్కితే నెలాఖరుకు రంగుల గ్రాఫ్ తయారవుతుంది. రెండు వారాలో, అంతకు మించో రోజులో ఎక్కువ భాగం మనసు కుంగిపోయి ఉండడం, ఇష్టమైన పనుల మీద కూడా ఆసక్తి పోవడం, ఆకలి, ఏకాగ్రత తగ్గడం వంటి డిప్రెషన్ లక్షణాలను ఈ గ్రాఫ్ బాగానే పట్టుకుంటుంది. వాడేందుకు కూడా సులువు. మనసు బాగాలేని రోజున ఒక బొమ్మను నొక్కడానికి మించి శ్రమ అడగదు.

చిక్కంతా ఆకుపచ్చతోనే వచ్చింది. ఒక వారం అన్నయ్య రోజూ నవ్వు ముఖమే నొక్కాడు, వారాంతంలో యాప్ ఒక బంగారు నక్షత్రం చూపించి అభినందనలు తెలిపింది. అదే వారంలో అతను రాత్రికి సుమారు మూడు గంటలే పడుకుని, తెల్లవారకముందే లేచి పుస్తకాల అరలన్నీ ఖాళీ చేసి కొత్త వరుసలో సర్దడం మొదలుపెట్టాడు, అది సగంలో ఉండగానే ఇంకో పని ఎత్తుకున్నాడు. ఎదుటివాళ్ళ మాట పూర్తికాకముందే జవాబు చెప్పేస్తున్నాడు. ఏమిటిదని వదిన అడిగితే ఇన్నాళ్ళకు తన ఆరోగ్యం కుదుటపడిందన్నాడు, నిజంగానే అలా నమ్మాడు కూడా. హైపోమానియాలో, అంటే ఉత్సాహం మామూలును మించి పొంగినా మానియా అంత తీవ్రం కాని దశలో, ఉన్న మనిషికి తాను బాగా ఉన్నట్టే అనిపించడం సహజం, ఆ స్థితిలో ఉన్నవారినే సంతోషానికి మార్కులు వేసుకోమనడం వల్ల యాప్ హెచ్చరించవలసిన చోట మెచ్చుకుంది.

హైపోమానియాను గుర్తించాలంటే మూడ్‌తో పాటు శక్తి, చురుకుదనం మామూలు కంటే ఎంత పెరిగాయో చూడాలి. 2013లో వచ్చిన డీఎస్ఎమ్-5 (మానసిక వ్యాధుల నిర్ధారణకు అమెరికా సైకియాట్రిస్టుల సంఘం వెలువరించిన గ్రంథం) ఈ పెరుగుదలను ప్రధాన లక్షణాలలోనే చేర్చింది. ఈ మార్పు వరుసగా కనీసం 4 రోజులు ఉండి, దానితో పాటు నిద్ర అవసరం తగ్గడం, మాటల జోరు, ఆలోచనలు పరుగెత్తడం, విచ్చలవిడి ఖర్చు వంటివి తగినన్ని కనిపిస్తే హైపోమానియా అంటారు. వారం రోజులు కొనసాగి, ఉద్యోగాన్నో కుటుంబాన్నో తీవ్రంగా దెబ్బతీసినా, ఎన్ని రోజులన్న దానితో పని లేకుండా ఆసుపత్రిలో చేర్చవలసి వచ్చినా అది మానియా. ఈ యాప్‌లో శక్తిని కొలిచే ప్రశ్న ఉంది గాని సెట్టింగ్స్‌లో వెతికి ఆన్ చేసుకోవాలి. నిద్రకైతే 'బాగా పట్టింది', 'సరిగా పట్టలేదు' అన్న రెండు బటన్లే ఉన్నాయి. పక్క మీద దొర్లుతూ నిద్ర కోసం పాట్లు పడి మర్నాడు నీరసంగా ఉండేవారు ఒకరు, మూడు గంటలు పడుకుని ఏమాత్రం అలసట లేకుండా లేచేవారు ఇంకొకరు. మానియా వైపు వేలెత్తి చూపేది రెండో పరిస్థితి. దాన్ని నమోదు చేయడానికి ఈ రెండు బటన్లలో ఏది నొక్కాలో తెలియదు.

ఇందులో స్క్రీనింగ్ పరీక్ష పేరుతో ఉన్న విభాగం 2000లో రాబర్ట్ హిర్ష్‌ఫెల్డ్ బృందం ప్రచురించిన మూడ్ డిజార్డర్ క్వశ్చనేర్‌కు కత్తిరించిన రూపం. అసలు ప్రశ్నావళిలో అవును, కాదు అని జవాబిచ్చే 13 ప్రశ్నల తరువాత మరో రెండు కీలకమైనవి ఉంటాయి: ఇవన్నీ ఒకే కాలంలో కనిపించాయా, వాటివల్ల జీవితంలో ఎంత ఇబ్బంది కలిగింది? 7 అవునులు వచ్చి, ఒకే కాలంలో కనిపించి, ఇబ్బంది ఒక మోస్తరుగా గాని తీవ్రంగా గాని ఉంటేనే డాక్టరు చేత పరీక్ష చేయించుకోవాలని అర్థం. యాప్ చివరి రెండింటినీ తీసేసి, 7 దాటగానే 'మీకు బైపోలార్ ఉండవచ్చు' అని ఎర్ర అక్షరాలలో చూపిస్తుంది. ఇది బాధ్యత గల పని కాదు. పూర్తి ప్రశ్నావళికే పరిమితులున్నాయి: మానసిక వైద్యశాలలకు వచ్చినవారిలో అది బైపోలార్ ఉన్నవారిని 73 శాతం మేర గుర్తించగా, సామాన్య జనంలో జరిపిన అధ్యయనంలో ఆ సంఖ్య 28 శాతానికి పడిపోయింది. పైగా థైరాయిడ్ ఎక్కువగా పనిచేయడం, స్టెరాయిడ్ మందులు, మత్తుపదార్థాలు కూడా ఇలాంటి లక్షణాలను తెచ్చిపెట్టగలవు. వాటి గురించి యాప్ ఒక్క మాట కూడా అడగదు.

మిశ్రమ లక్షణాల విషయంలో ఇది పూర్తిగా విఫలమైంది. మనసు కుంగిపోయి ఉన్నా ఆలోచనలు, ఒళ్ళు నిలకడ లేకుండా పరుగెత్తే ఆ స్థితిలో ఆత్మహత్య ప్రమాదం ఎక్కువ. ఒక్క ముఖంలో ఆ రెండూ ఇమడవు, యాప్ మధ్యలో ఉన్న పసుపుపచ్చ బొమ్మను సూచిస్తుంది. అంతకంటే దారుణమేమిటంటే, చనిపోవాలన్న ఆలోచనలు వస్తున్నాయని నోట్స్‌లో రాసి చూసినా స్ఫూర్తి వాక్యమొకటి వచ్చింది తప్ప డాక్టరుకో, అత్యవసర సేవకో ఫోన్ చేయమన్న సూచన రాలేదు.

ఇన్ని లోపాలున్నా ఇంకా తీసేయకపోవడానికి కారణం 'సన్నిహితుల నమోదు' అన్న సదుపాయం. అన్నయ్య అనుమతితో వదిన తన ఫోన్ నుంచి పడుకున్న సమయం, లేచిన సమయం, మాట తీరు, ఖర్చు విడిగా నమోదు చేస్తుంది. అన్నయ్య నవ్వు ముఖాలు పైన, వదిన గమనించినవి కింద, ఒకే తేదీల మీద అచ్చవుతాయి. ఆ కాగితం తీసుకెళ్ళినప్పుడు డాక్టరుగారు పై వరుసను చూసీ చూడనట్టు వదిలేసి, కింది వరుసలో నిద్ర గంటల దగ్గర వేలు పెట్టి వివరాలు అడిగారు. డిప్రెషన్‌లోనే డాక్టరు దగ్గరకు వెళ్ళి, హుషారుగా గడిచిన రోజుల ప్రస్తావనే రానివ్వకపోవడం వల్ల టైప్ 2 చాలామందిలో మామూలు డిప్రెషన్‌గా లెక్కకు వస్తుంది. అలాంటివారికి డిప్రెషన్ మందులు మాత్రమే ఇస్తే కొందరిలో మూడ్ మానియా వైపు తిరిగే ప్రమాదముంది కనుక ఇంటివాళ్ళ వరుసకు ఇంత విలువ.

కొత్తగా అనుమానం వచ్చినవారు నిర్ధారణ కోసం దీన్ని వేసుకోవద్దు, నేరుగా సైకియాట్రిస్ట్‌ను కలవండి. ఇప్పటికే చికిత్సలో ఉండి, నమ్మకంగా గమనించే మనిషి ఇంట్లో ఉన్నవారికి మాత్రం పనికొస్తుంది. వేసుకోగానే శక్తి ప్రశ్నను ఆన్ చేయండి, అభినందనల నోటిఫికేషన్లను ఆపేయండి, నిద్ర గంటలను నోట్స్‌లో అంకెలతో రాయండి. వివరాలను ఇతరులతో పంచుకునే అనుమతి ముందుగానే ఆన్ అయి ఉంటుంది, దాన్ని కూడా తీసేయాలి.