ముసలి రాణికి కొత్త రంగు పూసి అమ్మాడు, జాగ్రత్త

నిన్న సాయంత్రం నా తేనెటీగల పెట్టె తెరిచి చూసినప్పటి నుంచి మనసు మనసులో లేదు, కోపంలో రాస్తున్నాను, అటూ ఇటూ అయితే ఏమీ అనుకోకండి. రాణి ఈగల్ని పార్సిల్లో పంపే ఆయన గురించి ఇది. పేరు రాయను. ఈ హాబీలో ఉన్నవాళ్లు చాలామంది ఆయన దగ్గర కొన్నవాళ్లే, మీకు అర్థమవుతుంది.

నెల రోజుల కిందట నా పెట్టె స్వార్మ్ అయింది. పాత రాణి సగానికి పైగా ఈగల్ని వెంటేసుకుని లేచిపోయింది, గుంపు నాకు అందనంత ఎత్తున కొమ్మకి వేలాడింది, మర్నాటికి అదీ లేదు. ఈగలు రాణి గదులు, అంటే కొత్త రాణిని పెంచే గదులు, కడుతున్నాయని ముందే చూసి కూడా పెట్టెని రెండుగా విడదీయకుండా బద్ధకించాను, ఆ తప్పు నాదే.

మిగిలిన ఫ్రేముల్లో మూత పడిన రాణి గదులు ఏడు ఉన్నాయి. ఊరికే ఉంటే సరిపోయేది. గుడ్డు పెట్టిన 16వ రోజుకి రాణి బయటికి వస్తుంది. కానీ అది ఎగిరి వెళ్లి, పోతు ఈగలతో జత కట్టి, తిరిగొచ్చి గుడ్లు పెట్టేసరికి ఇంకో రెండు మూడు వారాలు పడుతుంది, దారిలో ఏ పిట్టో పట్టుకుపోతే పెట్టె మొత్తం పోతుందన్న టెన్షన్‌తో ఆయనకి ఫోన్ చేశాను.

"ఈ ఏడాది రాణి అండీ, జత కట్టింది, గుడ్లు పెడుతోంది. మీ పెట్టెలో ఉన్న రాణి గదులన్నీ కోసేయండి, లేకపోతే లోపల పుట్టేది నా రాణిని చంపేస్తుంది" అన్నాడు. ఆ మాట నిజమే, అందుకే నమ్మాను. పార్సిల్ వచ్చిన రోజు ఏడింటినీ నా చేత్తోనే కోశాను. ఒకటి చీలి లోపలున్నది కనిపించింది. ఒళ్లంతా తెల్లగా ఉన్నా కళ్లకి అప్పటికే రంగు వచ్చింది. ఇంకో రెండు మూడు రోజులు ఆగితే నడుచుకుంటూ బయటికి వచ్చేది. అది కళ్ల ముందు నుంచి పోవడం లేదు.

వచ్చిన రాణి వీపు మీద తెల్ల చుక్క ఉంది. అది వచ్చిన కేజ్ దారికి అడ్డంగా పెట్టిన క్యాండీని ఈగలు తినేసి మూడో రోజుకి దాన్ని బయటికి వదిలాయి, వారంలో గుడ్లు కూడా కనిపించాయి, ఎంత సంతోషపడ్డానో. నిన్న చూస్తే కూలి ఈగల గదుల మీద మూతలు చదునుగా లేవు, ఒక్కొక్కటీ గోపురంలా ఉబ్బి ఉంది. అన్నీ పోతు పిల్లలే! రాణి జత కట్టేది వయసులో ఉన్న ఆ కొద్ది రోజుల్లోనే, అప్పుడు దాచుకున్న వీర్యం అయిపోతే ఇక పెట్టే గుడ్లన్నీ పోతులే అవుతాయి. కొత్త రాణికి ఇలా ఎందుకైందా అని దాన్ని వెలుతురులో పట్టుకుని చూశాను. తెల్ల రంగు ఒక పక్క పెచ్చు లేచింది. కింద ఎరుపు ఉంది.

రాణి పుట్టిన ఏడాదిని బట్టి దాని వీపు మీద చుక్క రంగు ఉంటుంది, ఈగలు పెంచేవాళ్లకి ఈ లెక్క తెలుసు. ఏడాది చివరి అంకె 1, 6 అయితే తెలుపు, 2, 7 పసుపు, 3, 8 ఎరుపు, 4, 9 ఆకుపచ్చ, 5, 0 నీలం. అంటే మూడేళ్ల ముసలిదానికి పైన కొత్త రంగు పూసి పంపాడు.

ఫోటో పంపి ఫోన్ చేశాను. "అండీ" పోయింది. "ఉన్న ఈగల్నే పోగొట్టుకున్నదానివి, నాకు రాణుల గురించి చెప్తావా? ఆ ఎరుపు నువ్వే పూసి ఉంటావు" అన్నాడు. పై రంగు కిందకి నేనెలా పూస్తానండీ? అదే అడిగాను. పెట్టేశాడు. నంబర్ బ్లాక్ చేశాడు. డబ్బు పోయినందుకు కాదు, ఆయన మాట మీద ఆ ఏడు గదులు కోసినందుకు ఏడుపొస్తోంది.

పెట్టె స్వార్మ్ అయితే గదులు కోయకండి, మంచివి ఒకటి రెండు ఉంచి ఓపిక పట్టండి. కొనక తప్పకపోతే రాణి వచ్చిన వెంటనే, కేజ్‌లో ఉండగానే, చుక్క అంచుని భూతద్దంతో చూడండి, మూత పడిన పిల్ల గదుల ఫోటో ముందే అడగండి.

ఇవాళ పొద్దున ఆ రాణిని తీసేసి, నా రెండో పెట్టెలోంచి గుడ్లున్న ఫ్రేము ఒకటి ఇచ్చాను. వాటిలోంచి కొత్త రాణిని చేసుకునేంత మంది ఈగలు ఇంకా మిగిలి ఉన్నాయో లేదో నాలుగు రోజుల్లో తెలుస్తుంది. చుక్క ఫోటోలు కావాలంటే అడగండి, పంపుతాను.