బ్లాక్‌పూల్ టవర్ బాల్‌రూమ్: నేతపనివాళ్లు నాట్యమాడిన నేల

మా అమ్మాయి మాంచెస్టర్‌లో ఉంటుంది. మొన్న వేసవిలో వెళ్లినప్పుడు అల్లుడు అక్కడి సముద్రతీరపు ఊరు బ్లాక్‌పూల్ చూపిస్తానంటే నాకు మనసొప్పలేదు. చీరాలలో నేత ఇంట్లో పుట్టినదాన్ని. ఇంగ్లండ్‌లోని లాంకషైర్ ప్రాంతపు మిల్లు గుడ్డ మన మగ్గాల నోట్లో మన్ను కొట్టిందని మా తాత చెబుతుంటే విని పెరిగాను. ఆ మిల్లుల వాళ్లు సెలవులు గడిపిన ఊరితో నాకేం పని అనుకున్నాను. ఇప్పుడు ఎవరడిగినా, ఆ ఊళ్లో ఒక్కటే చూసే వీలుంటే టవర్ కింద ఉన్న బాల్‌రూమ్, అంటే జంటలు నాట్యమాడే పెద్ద హాలు, చూడమంటాను.

టవర్ 1894లో తెరిచారు. ఈఫిల్ టవర్‌ను చూసి కట్టిందే, ఎత్తు 518 అడుగులు. పైనుంచి సముద్రం బాగానే కనిపిస్తుంది. కానీ నా కళ్లు నిలిచింది కింద చెక్క నేల మీద. మహాగని, ఓక్, వాల్‌నట్ ముక్కలు, మొత్తం 30,602. వంగి అరచేత్తో తడిమి చూశాను. అతుకు ఎక్కడుందో వేలికి తెలియలేదు. నాటకశాలలు కట్టడంలో పేరుపొందిన ఫ్రాంక్ మాచమ్ 1899లో ఈ హాలుకు రూపం ఇచ్చాడు. బంగారు పూతల బాల్కనీలు, చిత్రాలు వేసిన పైకప్పు, తుడవడానికి నేల దాకా దించే షాండ్లియర్లు, అంటే వేలాడే గుత్తి దీపాలు. రాజమహల్ అనిపిస్తుంది, కానీ వచ్చినవాళ్లలో ఎక్కువమంది మిల్లు కూలీలు. పనివాళ్లకు ఇది చాలులే అని ఎక్కడా చెయ్యి వెనక్కి తీయలేదు. నాకు అన్నిటికన్నా నచ్చింది అదే.

1846లో రైలు వచ్చాక ఊరి రాత మారింది. మిల్లు ఊళ్లలో ఒక్కొక్కటి ఒక్కో వారం పూర్తిగా మూతపడేది. దాన్ని వేక్స్ వీక్ అనేవారు. ఆ వారం జీతం ఉండేది కాదు. అందుకే ఏడాది పొడవునా మన చీటీల్లా వారం వారం కొంత కట్టి, ఆ డబ్బుతో సముద్రానికి వచ్చేవారు. బసలో సరుకులు తామే కొనిచ్చి ఇంటావిడతో వండించుకునేవారట, అచ్చం సత్రాల పద్ధతి. జీతంతో సెలవుల చట్టం 1938లో గానీ రాలేదు. మా ఇంట్లో అమావాస్య నాడే మగ్గం దిగేవారు. వీళ్లకూ ఏడాదికి దొరికింది అంతంతమాత్రమే.

మధ్యాహ్నం టీకి కూర్చున్నాం. వేదిక అడుగునుంచి వుర్లిట్జర్ ఆర్గన్, గొట్టాల్లోంచి గాలితో మోగే పెద్ద వాద్యం, పైకి లేచింది. రెజినాల్డ్ డిక్సన్ 1930 నుంచి 1970 వరకు వాయించిన చోటు అది. పక్క బల్లమీద ఇద్దరు ముసలమ్మలు. ఆ హోరులో ఒకావిడ గొంతు ఎత్తకుండా పెదవులు మాత్రమే కదిపింది, రెండో ఆవిడ నవ్వింది. పాట ఆగాక అడిగితే, మొదటావిడ తన తల్లి బర్న్‌లీ అనే మిల్లు ఊళ్లో నేతపని చేసేదని చెప్పింది. మగ్గాల రొదలో మాట వినపడక అక్కడ అందరూ పెదవులు చూసే మాట్లాడుకునేవారట. ఇంట్లో కూడా అలాగే అలవాటైందట. మా నాన్న చెవులు గుర్తొచ్చాయి. పెద్ద వయసులో ఆయనతోనూ మేం ఎదురుగా కూర్చునే మాట్లాడేవాళ్లం.

నేనూ నేత ఇంటిదాన్నే అన్నాను. ఆవిడ వెంటనే నా చీర అంచును బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి మెల్లగా నలిపి, తిరగేసి వెనకవైపు చూసింది. నేత తెలిసినవాళ్లు ముందు చూసేది వెనకవైపే. తర్వాత చెయ్యి పట్టుకుని నాట్యానికి ఆ చెక్క నేలమీదికి తీసుకెళ్లింది.

రాత్రి మేం దిగిన చిన్న లాడ్జిలో మూడంతస్తులూ మెట్లే, హీటరు పనిచేయలేదు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు గది తీసుకునే ముందే లిఫ్టు ఉందో లేదో అడగండి. బాల్‌రూమ్‌కు వెళ్లేటప్పుడు చదునైన చెప్పులు వేసుకోండి. నేల బాగా నున్నగా ఉంటుంది, ఎవరో ఒకరు మిమ్మల్నీ రమ్మని పిలుస్తారు.