ఆటోమేటిక్ బీపీ మిషన్: క్లినిక్‌లో ఏళ్ల తరబడి వాడాక

జనరల్ ప్రాక్టీస్‌లో రోజంతా ఎక్కువసార్లు చేసే పరీక్ష బీపీ చూడడమే. అన్నిటికంటే హడావుడిగా చేసేదీ అదే. నా టేబుల్ మీద పాదరసం మిషన్ పోయి, జబ్బకు కట్టే ఆటోమేటిక్ మిషన్ వచ్చి ఏళ్లు గడిచాయి. మోడల్ పేరు చెప్పను. నేను చెప్పబోయే మంచీ చెడూ ఈ తరహా మిషన్లన్నిటికీ దాదాపు ఒకటే. మార్కులు మాత్రం ఇక్కడే వేసేస్తాను: మిషన్ మంచిదే, నా తోటి డాక్టర్లకు ధైర్యంగా చెబుతాను. కాకపోతే దానికి వేసే మార్కుల్లో సగం పక్కనున్న కుర్చీకీ, డ్రాయర్‌లో ఉన్న కఫ్‌లకూ (జబ్బకు చుట్టే గాలి పట్టీలు) చెందాలి.

పాదరసం మిషన్‌ను వదల్లేక వదిలిన తరం మాది. 1896లో ఇటలీ డాక్టరు రివా రోచి కఫ్ కట్టి పాదరసంతో కొలవడం మొదలుపెట్టాడు, 1905లో రష్యా డాక్టరు కొరట్‌కాఫ్ కఫ్‌లో గాలి తగ్గుతుంటే రక్తనాళంలో పుట్టే చప్పుళ్లను స్టెతస్కోప్‌తో వినడం నేర్పాడు. అప్పటినుంచి వందేళ్లకు పైగా అదే పద్ధతి. 2013లో పాదరసం వాడకాన్ని తగ్గించడానికి దేశాల మధ్య మినమాటా ఒప్పందం కుదిరి, 2017లో అమల్లోకి వచ్చి, పాదరసం బీపీ మిషన్ల తయారీకీ ఎగుమతి దిగుమతులకూ 2020ని గడువుగా పెట్టాక అందరూ వేరే దారి చూసుకోవాల్సి వచ్చింది. శ్రద్ధగా చేస్తే చెవితో వినే పద్ధతి ఇప్పటికీ గట్టిదే. కొత్త మిషన్లను పరీక్షించేటప్పుడు కూడా దానితోనే పోల్చి చూస్తారు. కానీ రద్దీ వేళలో ఎంత శ్రద్ధగా చేస్తున్నామో మనకు తెలుసు. పాత కేసు షీట్లు తిరగేస్తే 130, 140, 150 అని చివర సున్నాలే వరసగా కనిపిస్తాయి. అందరి రక్తపోటూ సున్నాతోనే ముగియదు కదా! మందు మొదలుపెట్టే గీత 140 దగ్గర ఉందని తెలిసిన చెయ్యి, తెలియకుండానే 138 వైపుకో 142 వైపుకో మొగ్గుతుంది. మిషన్‌కు ఆ మొహమాటం లేదు. 137 వస్తే 137 అనే చూపిస్తుంది. నాకు అన్నిటికంటే నచ్చిన గుణం ఇదే.

మరో లాభం కూడా ఉంది. కొందరిలో, ముఖ్యంగా రక్తనాళాలు గట్టిపడిన పెద్దవాళ్లలో, మొదటి చప్పుడు వినిపించి, మధ్యలో కాసేపు నిశ్శబ్దమై, మళ్లీ మొదలవుతుంది. గాలి తక్కువ ఎక్కించి వింటే పై అంకె చాలా తక్కువగా పడిపోతుంది. ఆటోమేటిక్ మిషన్ చప్పుళ్లను వినదు కాబట్టి ఈ గొయ్యిలో పడదు.

మరి అది చేసేదేమిటి? కఫ్‌లో గాలి నెమ్మదిగా తగ్గుతుంటే రక్తనాళం కొట్టుకునే ప్రతిసారీ ఆ గాలిలో చిన్న కదలిక పుడుతుంది. ఆ కదలిక అన్నిటికంటే పెద్దగా ఉన్న చోటు సగటు రక్తపోటుకు దగ్గరగా ఉంటుంది. పై అంకెనూ కింది అంకెనూ దాని ఆధారంగా లెక్కగట్టి చూపిస్తుంది. ఆ లెక్క ఏ కంపెనీది ఆ కంపెనీకే, బయటికి చెప్పరు. అందుకే కొనేముందు చూడాల్సింది డబ్బా మీది బొమ్మలు కావు. ఆ మోడల్‌ను ఐఎస్ఓ 81060-2 ప్రమాణం ప్రకారం స్వతంత్రంగా పరీక్షించారా అన్నది చూడాలి. కనీసం 85 మందిపై స్టెతస్కోప్‌తో పోల్చి, సగటు తేడా 5 మిల్లీమీటర్లకు (బీపీని కొలిచే పాదరసం మిల్లీమీటర్లు) మించకుండా, తేడాల చెదురు (స్టాండర్డ్ డీవియేషన్) 8 దాటకుండా ఉంటేనే పాస్. అలా పాసైన మోడళ్ల జాబితాలు స్ట్రైడ్ బీపీ లాంటి సంస్థలు ఉచితంగా పెడతాయి. గర్భిణులకు, పిల్లలకు వేరే పరీక్ష ఉంటుంది. పెద్దవాళ్లకు పాసైన మిషన్ గర్భిణికీ పనికొస్తుందని అనుకోవడానికి లేదు. ప్రీఎక్లాంప్సియాలో (గర్భంతో ఉన్నప్పుడు బీపీ ప్రమాదకరంగా పెరిగే జబ్బు) కొన్ని మిషన్లు ఉన్నదానికంటే తక్కువ చూపిస్తాయి, అక్కడ తక్కువ చూపడం చాలా ప్రమాదం.

ఇక కఫ్ సంగతి. నన్నడిగితే ఈ సమీక్ష మొత్తం కఫ్ గురించే రాయాలి. మిషన్‌తో పాటు డబ్బాలో వచ్చేది సాధారణంగా మీడియం సైజు ఒక్కటే. చాలా క్లినిక్కుల్లో దానితోనే అందరికీ చూసేస్తారు. లావు జబ్బకు చిన్న కఫ్ కడితే రీడింగ్ ఎక్కువ వస్తుందని చదువుకున్నాం కానీ, ఎంత ఎక్కువో 2023లో జామా ఇంటర్నల్ మెడిసిన్ అనే వైద్య పత్రికలో వచ్చిన ట్రయల్ చూస్తే కళ్లు తిరుగుతాయి. ఎక్స్‌ట్రా లార్జ్ అవసరమైన వాళ్లకు మామూలు కఫ్ కడితే పై అంకె సగటున 19.5 మిల్లీమీటర్లు ఎక్కువ వచ్చింది. లార్జ్ కావాల్సిన వాళ్లకు దాదాపు 5 ఎక్కువ. సన్న చేతులవాళ్లకు అదే మామూలు కఫ్ కడితే 3.6 తక్కువ. అంటే బీపీ బాగానే ఉన్న లావాటి మనిషికి మనం రెండో మందు కూడా రాసేయొచ్చు, కేవలం కఫ్ వల్ల.

అందుకే మా క్లినిక్‌లో మిషన్ పక్కనే ఒక టేపు వేలాడుతూ ఉంటుంది. మొదటిసారి వచ్చిన ప్రతి పేషెంట్‌కూ నర్సు భుజానికీ మోచేతికీ నడుమ జబ్బ చుట్టుకొలత తీసి కేసు షీట్ పైన రాస్తుంది, పక్కనే కఫ్ సైజు. తర్వాత ఎన్నిసార్లు వచ్చినా మళ్లీ కొలవాల్సిన పని లేదు, బరువులో పెద్ద మార్పు వస్తే తప్ప. కఫ్‌లోని గాలి సంచి పొడవు జబ్బ చుట్టుకొలతలో 80 నుంచి 100 శాతం, వెడల్పు 40 శాతం దాకా ఉండాలన్నది లెక్క. అంత లెక్క అక్కర్లేకుండా కఫ్ మీదే గీతలు ఉంటాయి. కట్టాక అంచు ఆ రెండు గీతల మధ్య పడకపోతే సైజు మార్చాలి. ఒక్క మాట: వేరే కంపెనీ కఫ్ గొట్టం సరిపోయింది కదా అని తగిలించకండి. మిషన్ లెక్క దాని సొంత కఫ్‌కే కట్టి ఉంటుంది.

కఫ్ తర్వాత కుర్చీ. ఇది వినడానికి చాదస్తంగా ఉంటుంది. మెట్లెక్కి ఆయాసంతో వచ్చిన పెద్దాయన చొక్కా చెయ్యి పైకి మడిచి, ఎత్తు బల్ల మీద కాళ్లు వేలాడేసి కూర్చుని, "ఏంటి డాక్టరుగారూ, ఇంటి దగ్గర 140 దాటట్లేదు, ఇక్కడికొస్తే ఇలా చూపిస్తుంది" అంటుంటే మిషన్ 168 చూపించింది. మడిచిన చొక్కా జబ్బకు తాడులా బిగుసుకుంది, వీపుకు ఆసరా లేదు, మాట ఆగలేదు. చొక్కా విప్పించి, వీపు ఆనే కుర్చీలో పాదాలు నేలకు ఆనించి, చెయ్యి గుండె ఎత్తున బల్ల మీద పెట్టించి, అయిదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చోబెట్టాక 142. మిషన్ అదే, మనిషీ ఆయనే. పైగా ఆ 168కీ మిషన్ తప్పు లేదు, ఆ క్షణంలో ఉన్నదే చూపించింది.

చెయ్యి ఎత్తు సంగతి అందరం తేలిగ్గా తీసుకుంటాం. గుండె కంటే 10 సెంటీమీటర్లు కిందికి ఉంటే రీడింగ్ 7-8 మిల్లీమీటర్లు పెరుగుతుంది, ఇది కేవలం రక్తపు బరువు. 2024లో ఇదే విషయం మీద వచ్చిన ట్రయల్‌లో చెయ్యి ఒళ్లో పెట్టుకుంటే పై అంకె దాదాపు 4, పక్కకు వేలాడేస్తే 6.5 ఎక్కువ వచ్చింది. యూరప్ 2024 మార్గదర్శకాలు హైబీపీకి 140/90 దగ్గరే గీత ఉంచి, 120-139/70-89ని పెరిగిన బీపీగా చూడమన్నాయి. అమెరికా వాళ్లు 2017లో తెచ్చిన 130/80నే 2025లోనూ కొనసాగించారు. గీతలు ఇంత దగ్గరదగ్గరగా ఉన్నప్పుడు ఒళ్లో పెట్టుకున్న చెయ్యి రోగ నిర్ధారణనే మార్చేస్తుంది. మేం చెయ్యి కోసం ఒక చిన్న దిండు పెట్టాం, పొట్టివాళ్లకీ పొడుగువాళ్లకీ ఎత్తు సర్దడానికి.

మిషన్‌లో నేను ఎక్కువగా వాడే మీట మూడు రీడింగులు వరసగా తీసి సగటు ఇచ్చేది. కఫ్ కట్టి, మీట నొక్కి, పేషెంట్‌ను ఒంటరిగా వదిలి బయటికి వచ్చేస్తాం. బీపీని ఎంతకు తగ్గిస్తే మేలో చూసిన స్ప్రింట్ ట్రయల్‌లో కూడా అయిదు నిమిషాలు విశ్రాంతి ఇచ్చి, మూడు రీడింగుల సగటు తీసుకున్నారు. డాక్టర్ని చూడగానే పెరిగే టెన్షన్ చాలావరకు దీనితో తగ్గుతుంది. ఇలా తీసిన రీడింగ్ మామూలుగా ఎదురుగా కూర్చుని తీసినదానికంటే తక్కువే ఉంటుంది కాబట్టి, ఏ పద్ధతిలో తీశామో షీట్ మీద రాయడం తప్పనిసరి. లేకపోతే ఈ నెల తగ్గింది మందు వల్లనా, పద్ధతి మారడం వల్లనా అన్నది తేలదు.

ఇంతకీ విసిగించేవి లేవా అంటే, ఉన్నాయి. మొదటిది, బీపీ బాగా ఎక్కువ ఉన్నవాళ్లకు సగంలో ఆగి మళ్లీ గాలి ఎక్కించడం. రెండోసారి బిగుసుకోగానే పేషెంట్ మొహం మాడ్చి చెయ్యి బిగబట్టుకుంటాడు, దాంతో రీడింగ్ ఇంకా పాడవుతుంది. అప్పుడు ఆపేసి రెండు నిమిషాలు ఆగడమే మంచిది. చేతులు వణికేవాళ్లకు, నాడి బాగా నీరసంగా ఉన్నవాళ్లకు ఎర్రర్ తప్ప ఏమీ రాదు. నిలబెట్టి చూడాల్సిన పేషెంట్ల దగ్గర కూడా ఇది నెమ్మది. లేచిన నిమిషానికీ మూడు నిమిషాలకీ రీడింగ్ కావాలి, పై అంకె 20 లేదా కింది అంకె 10 పడిపోయిందా చూడాలి. సగటు మీట అక్కడ పనికిరాదు, ఒక్క రీడింగ్ మీటకు మార్చుకుని ముందే సిద్ధంగా ఉండాలి. కళ్లు తిరుగుతున్నాయని చెప్పే మనిషిని మిషన్ లెక్క పూర్తయ్యేదాకా నిలబెట్టకూడదు.

పెద్ద లోపం మాత్రం ఏట్రియల్ ఫిబ్రిలేషన్ (గుండె లయ తప్పి కొట్టుకునే జబ్బు) ఉన్నవాళ్ల దగ్గర. గుండె కొట్టుకునే బలం ఒక్కో దెబ్బకూ మారుతుంటే, కదలికల మీద కట్టిన లెక్క తడబడుతుంది. ఒకే పేషెంట్‌కు వెంటవెంటనే తీస్తే మూడు రకాల అంకెలు రావడం చూశాను. అందుకే కఫ్ కట్టేముందు నాడి పట్టి చూడడం మానకూడదు. లయ తప్పితే ఈసీజీ తీయించి, బీపీని అనెరాయిడ్ మిషన్ (పాదరసం లేకుండా డయల్ మీద ముల్లుతో చూపించేది), స్టెతస్కోప్‌తో చాలాసార్లు చూసి సగటు తీస్తాను. కొన్ని మిషన్లు లయ తప్పిందని గుర్తు చూపిస్తాయి. అది మంచి హెచ్చరికే, రోగ నిర్ధారణ మాత్రం ఈసీజీదే. పిల్లల్లోనూ మిషన్‌లో ఎక్కువ వస్తే చెవితో విని నిర్ధారించుకోవాలి. డయాలిసిస్ ఫిస్టులా (డయాలిసిస్ కోసం ఆపరేషన్‌తో కలిపిన రక్తనాళాలు) ఉన్న చేతికి ఏ కఫ్ అయినా కట్టకూడదు, ఇది షీట్ మీద ఎర్ర సిరాతో రాయిస్తాం. మిగతావాళ్లకు మొదటిసారి రెండు చేతులకీ చూసి, ఎక్కువ వచ్చిన చేతికే తర్వాత ఎప్పుడూ చూడాలి.

మెయింటెనెన్స్ అంటే చాలామంది బ్యాటరీ మార్చడమనుకుంటారు. క్లినిక్ వాడకానికి ముందు పోయేది కఫ్. వెల్‌క్రో పట్టు తగ్గి, గాలి ఎక్కేటప్పుడు చిర్రుమని ఊడిపోవడం మొదలైతే వెంటనే మార్చాలి. గొట్టం మిషన్‌లోకి దూరే చోట సన్నని పగుళ్లు వస్తాయి, గాలి ఎక్కడానికి మామూలుకంటే ఎక్కువసేపు పడుతుంటే అక్కడే చూడండి. గుడ్డ కఫ్‌లు తుడవడానికి కుదరవు, ప్లాస్టిక్ పూత ఉన్నవే నయం. కంపెనీ చెప్పిన గడువుకు క్యాలిబ్రేషన్ చేయిస్తాం. అది గాలి ఒత్తిడిని మిషన్ సరిగ్గా పసిగడుతోందా అన్నదొక్కటే చెబుతుంది, లోపలి లెక్క సరైనదా అన్నది చెప్పదు. అందుకని వ్యాలిడేషన్ (ముందు చెప్పిన స్వతంత్ర పరీక్ష) లేని మిషన్‌కు ఎంత క్యాలిబ్రేషన్ చేయించినా ఉపయోగం తక్కువ.

ఈ మిషన్ వల్ల మా ప్రాక్టీస్‌లో వచ్చిన పెద్ద మార్పు పేషెంట్లు ఇంట్లో చూసుకోవడం అలవాటు చేసుకోవడం. ఉదయం రెండుసార్లు, సాయంత్రం రెండుసార్లు, వారం రోజులు చూసి, మొదటి రోజువి వదిలేసి మిగతావాటి సగటు తీయమంటాం. ఇంటి సగటుకు గీత 135/85. క్లినిక్‌లోనే బీపీ పెరిగేవాళ్లు, క్లినిక్‌లో బాగుండి ఇంట్లో పెరిగేవాళ్లు ఇద్దరూ ఇక్కడే దొరుకుతారు. ఇంటి మిషన్‌ను ఒకసారి తెమ్మని, మా మిషన్‌తో ఒకదాని తర్వాత ఒకటి మార్చి మార్చి చూస్తాం. 5 లోపు తేడా ఉంటే సరే, 10 దాటితే మార్చుకోమంటాం. మణికట్టు మిషన్లు జబ్బకు కట్టలేనివాళ్లకే. కఫ్ లేకుండా బీపీ చెప్పే వాచీల అంకెలు చూసి మందు మార్చను, మార్గదర్శకాలు కూడా వాటిని నిర్ధారణకు వద్దనే అంటున్నాయి.

మళ్లీ కొనాల్సి వస్తే ఇదే రకం కొంటాను. వ్యాలిడేషన్ జాబితాలో పేరు, నాలుగు సైజుల కఫ్‌లు విడిగా దొరకడం, మూడు రీడింగుల సగటు, ముందు విశ్రాంతికి టైమర్, దూరం నుంచి కనిపించే అంకెలు ఉంటే చాలు. బ్లూటూత్, రెండు వందల రీడింగుల మెమరీ నాకు పనికిరాలేదు. ఒకే మిషన్‌తో అందరికీ చూసే చోట ఆ మెమరీలో ఏ అంకె ఎవరిదో ఎవరికి తెలుస్తుంది? దానికి పెట్టే డబ్బు లార్జ్, ఎక్స్‌ట్రా లార్జ్ కఫ్‌లకు పెట్టండి. డ్రాయర్‌లో ఒక అనెరాయిడ్ మిషన్ మాత్రం తప్పకుండా ఉంచండి.