చెక్క లెక్కల పెట్టె: పుల్లల కోసం కొనండి, పజిల్ పలక కోసం కాదు

హన్మకొండ, వరంగల్ స్టేషనరీ దుకాణాల్లో ఎల్‌కేజీ, యూకేజీ క్లాసుల కోసమని అమ్ముతున్న చెక్క లెక్కల పెట్టె ఇది. లోపల ఐదు వస్తువులుంటాయి: 1 నుంచి 20 దాకా అంకెల పజిల్ పలక, అరలున్న పుల్లల పెట్టె, పది కొలత కడ్డీలు, వంద పూసల చట్రం, అంకెల కార్డులు. పుల్లలకు, కడ్డీలకే ఆ డబ్బులు ఇవ్వొచ్చు. పూసల చట్రానికి కొంచెం రిపేరు కావాలి. పజిల్ పలక మాత్రం పిల్లలకు లెక్క వచ్చిందని టీచర్‌ను నమ్మించి మోసం చేసే వస్తువు.

ఎందుకంటే, పిల్లవాడు 5 ముక్కను 5 గుంటలో పెట్టేది ఆకారం చూసి. ఐదంటే ఎన్నో తెలియకున్నా ఇరవై ముక్కలూ టకటకా పెట్టేస్తాడు. పైగా ఇందులో 6, 9 ముక్కలు ఒకే అచ్చు. తిప్పి పెడితే దాని గుంటలో ఇది, దీని గుంటలో అది కూర్చుంటాయి. రెండింటికీ కింది అంచున మార్కర్‌తో గీత గీయాలి. పలకను వాడక తప్పకపోతే ముక్క పెట్టే ముందు ఆ అంకె ఎంతో అన్ని చింతగింజలు గుంటలో పోయించండి, లెక్క సరిపోతేనే ముక్క పెట్టనివ్వండి.

పుల్లల పెట్టె దగ్గర అసలు పని జరుగుతుంది. 0 నుంచి 9 దాకా పది అరలు, అర మీది అంకె ఎంతో అన్ని పుల్లలు అందులో వేయాలి. పిల్లలు వస్తువులను చేత్తో పట్టుకొని సొంతంగా నేర్చుకునే మాంటిస్సోరి పద్ధతిలో దీనికి పుల్లలు సరిగ్గా 45 ఉండాలి, 1 నుంచి 9 దాకా కలిపితే వచ్చే మొత్తం అదే. ఎక్కడో ఒక అరలో తప్పు పెడితే చివరికి పుల్ల మిగులుతుంది, లేదా చాలదు. 'తప్పు' అని టీచర్ అనాల్సిన పనే లేదు. సున్న అర ఖాళీగా ఉంటుంది కాబట్టి 'ఏమీ లేదు' అనేదానికి కూడా ఒక అంకె ఉందని కంటికి కనబడుతుంది. ఈ పెట్టెలో 50 పుల్లలు ఇచ్చారు. పోతే వాడుకొమ్మని కావచ్చు, కానీ ఆ ఐదు ఎక్కువ పుల్లలతో ఈ సుగుణమంతా పోయింది. తీసి బీరువాలో పెట్టండి. ఇంకో తిప్పలు రంగులు. ఎర్రవన్నీ ఒక అరలో, పచ్చవన్నీ ఇంకో అరలో వేసే పిల్లలు క్లాసుకు నలుగురైనా ఉంటారు. అన్నింటికీ ఒకే రంగు వేస్తే ఆ గోల ఉండదు. ప్రతి అరలోని పుల్లలను రబ్బరు బ్యాండుతో కట్టించండి, 'ఏడు' అంటే చేతికి తగిలే ఒక కట్ట అవుతుంది.

కడ్డీలను కొనేముందు దుకాణంలోనే సరిచూడాలి. అసలు మాంటిస్సోరి కడ్డీలు 10 సెంటీమీటర్ల నుంచి మీటరు దాకా ఉంటాయి. ఇవి చిన్నవి, 2 నుంచి 20 సెంటీమీటర్లు. చిన్నవైతే ఏం ఫర్వాలేదు, కోత సరిగ్గా ఉండాలంతే. పదో కడ్డీ పక్కన 9, 1 కలిపి పెట్టండి, తర్వాత 8, 2, ఆపైన 7, 3. అంచులు కలవకపోతే పెట్టె మార్చి ఇమ్మనండి. రెండు మూడు మిల్లీమీటర్ల తేడా పెద్దలకు ఆనదు కానీ పిల్లలు పట్టేస్తారు, 'తొమ్మిదీ ఒకటీ పది కాదు టీచర్' అంటారు. వాళ్లు చెప్పేది నిజమే మరి.

పూసల చట్రంలో ఒక్కో తీగకు పది పూసలు, పదీ ఒకే రంగు. అందుకే ఎనిమిది చూపించమంటే ప్రతిసారీ ఒకటి నుంచి మొదలుపెడతారు. తీగకు ఐదు పూసలకు నెయిల్ పాలిష్ వేస్తే 'ఐదూ, మూడూ' అని చూపులోనే అందుతుంది. నాలుగు గవ్వలు వేసి ఎన్ని వెల్లకిలా పడ్డాయో లెక్కపెట్టకుండానే చెప్పే మన అష్టాచమ్మా పిల్లలకు ఆ చూపు ఇంట్లోనే అలవాటవుతుంది.

కార్డుల మీద ఇంగ్లిష్ మాటలే ఉన్నాయి. థర్టీన్, థర్టీ చిన్న చెవులకు ఒకేలా వినిపిస్తాయి. తెలుగులో పదమూడు, ముప్పై అంటే ఆ బాధ లేదు. తెలుగులో తడబాటు పదకొండు, పన్నెండు, పంతొమ్మిది లాంటి చోట్లే. ఇరవై ఒకటి నుంచి మాట దానంతటదే నడుస్తుంది. కార్డు వెనక తెలుగులో రాసుకొని రెండూ పలికించండి.

వంద దాకా గడగడా అప్పజెప్పే పిల్లను 'ఏడు గింజలు ఇయ్యమ్మా' అని అడిగి చూడండి. గుప్పెడు తీసిస్తే లెక్క ఇంకా రాలేదన్నట్టు. ఏడూ లెక్కపెట్టాక 'మొత్తం ఎన్ని?' అంటే మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టినా అంతే, చివర పలికిన మాటే జవాబని ఇంకా పట్టుబడలేదు. ఈ పరీక్ష పెట్టెతో పాటు ఇచ్చిన పుస్తకంలో లేదు.

ఒక పెట్టె ఆరుగురికి సరిపోతుంది. ముప్పై మంది క్లాసుకు ఐదు పెట్టెలు కొనకండి. ముప్పై గుడ్ల అట్ట ట్రేలో ఐదేసి గుంటల వరసలు ఆరుంటాయి. రెండేసి వరసలుగా కోస్తే పది గుంటల పలకలు మూడొస్తాయి. గింజలు పోసి 'పదికి ఇంకా ఎన్ని కావాలి?' అని అడగడానికి ఇంతకన్నా మంచి సామాను ఈ పెట్టెలో కూడా లేదు. మూడేళ్లలోపు పిల్లలుంటే మాత్రం గింజలొద్దు, నోట్లో, ముక్కులో పెట్టుకుంటారు.

2021 జనవరి నుంచి బొమ్మలకు ఐఎస్‌ఐ గుర్తు తప్పనిసరి. నోట్లో పెట్టుకునే రంగు పుల్లలు కాబట్టి అది చూశాకే డబ్బులివ్వండి. పజిల్ పలక చెక్క కూడా కాదు, చెక్కపొడిని అదిమి చేసిన అట్ట. వానాకాలం తేమకు ఉబ్బి ముక్కలు గుంటల్లో ఇరుక్కుంటాయి.