పాత అరుగుకు కొత్త కాంక్రీటు, రెండింటి మీదా యాసిడ్ స్టెయిన్: ఏళ్లపాటు వాడాక నా మాట

ఇంటి వెనక కాంక్రీటు అరుగును పొడిగించి, పాతదానికీ కొత్తదానికీ కలిపి యాసిడ్ స్టెయిన్ (కాంక్రీటుకే రంగు పట్టించే ద్రవం) వేయించుకుని కొన్నేళ్లయింది. రంగు ఇప్పటికీ చెక్కుచెదరలేదు. పొడిగించిన స్లాబు గట్టిగా ఉంది. రంగు మీద రక్షణగా వేసే పూత, అంటే సీలర్, మాత్రం బాగా విసిగించింది. పాత భాగం ఎక్కడ ఆగిందో, కొత్తది ఎక్కడ మొదలైందో ఇవాళ్టికీ ఎవరు చూసినా చెప్పేస్తారు. స్టెయిన్ వేస్తే రెండూ ఒకటై కలిసిపోతాయన్న ఆశతో ఈ పనికి దిగేవాళ్లు ఈ ఒక్క సంగతీ ముందే తెలుసుకోవాలి.

ఎందుకు కలవవంటే, యాసిడ్ స్టెయిన్ పెయింటు లాంటిది కాదు. అందులో ఉండేది పలచని హైడ్రోక్లోరిక్ యాసిడ్, దాంతో ఇనుము, మాంగనీసు, రాగి లాంటి లోహాల లవణాలు. సిమెంటు గట్టిపడేటప్పుడు లోపల కాల్షియం హైడ్రాక్సైడ్, అంటే సున్నం పుడుతుంది. ఈ లవణాలు ఆ సున్నంతో కలిసి రంగుగా మారి కాంక్రీటులోనే ఉండిపోతాయి. అందుకే ఎండకు వెలవదు, పెచ్చులుగా ఊడదు. కొత్త కాంక్రీటులో సున్నం దండిగా ఉంటుంది. పాతదాని పైపొరలోని సున్నాన్ని గాలిలోని కార్బన్ డయాక్సైడ్ ఏళ్ల తరబడి మార్చేసి ఉంటుంది, వాన కొంత కడిగేసి ఉంటుంది. ఒకే డబ్బాలోది ఒకే రోజు కొట్టినా మా కొత్త వైపు ముదురు గోధుమ రంగు తేలింది, పాత వైపు లేత గోధుమ దగ్గరే ఆగింది.

అంచున రెండు వైపులా చిన్న ముక్క మీద ముందే వేసి చూశాం కాబట్టి ఇది మాకు తెలుసు. అందుకే అతుకును దాచే ప్రయత్నం చేయలేదు. అతుకు వెంట జానెడు వెడల్పు పట్టీ ఏర్పడేలా సన్నని గాళ్లు కోయించి, ఆ పట్టీకి ఇంకాస్త ముదురు రంగు వేయించాం. ఇప్పుడది కావాలని పెట్టిన అంచులా కనిపిస్తుంది. ఈ పని మొత్తంలో నాకు బాగా నచ్చింది ఆ పట్టీయే.

పొడిగింపు విషయంలో మాత్రం ఎక్కడా రాజీ పడకూడదు. గడ్డి, మెత్తని మట్టి పూర్తిగా తీసేయించి, 100 మి.మీ. మందాన కంకర పోసి దిమ్మిసతో గట్టిపరిచాక, దాని మీద 100 మి.మీ. స్లాబు పోయించాం. వాలు ఇంటికి దూరంగా, మీటరుకు సుమారు 2 సెం.మీ. పాత స్లాబు అంచులో సగం మందం దగ్గర రంధ్రాలు వేసి, ఎపాక్సీ జిగురుతో ఇనుప కడ్డీలు బిగించి, బయటికి వచ్చిన సగానికి గ్రీజు రాయించాం. గ్రీజు ఎందుకంటే, కొత్త కాంక్రీటు ఆరేకొద్దీ కుంచించుకుపోతుంది, దాన్ని పక్కకు జరగనివ్వాలి. కడ్డీ మాత్రం దాన్ని కిందికి కుంగనివ్వదు. ఇప్పటికీ చీకట్లో చెప్పుల్లేకుండా నడిచినా అతుకు దగ్గర బొటనవేలికి ఏమీ తగలదు.

పగుళ్ల సంగతి కూడా చెప్పాలి. స్లాబు మందంలో నాలుగో వంతు లోతున, అంటే 25 మి.మీ., రెండున్నర మీటర్లకొకటి చొప్పున గాళ్లు కోయించాం. పోసిన మర్నాడు పొద్దున్నే కోశారు. అంతకన్నా ఆలస్యమైతే పగులు తనకు నచ్చిన చోట దారి చూసుకుంటుంది. ఇప్పుడు వంగి చూస్తే ఒక గాడి అడుగున వెంట్రుకవాసి పగులు కనిపిస్తుంది, గాడి దాటి ఒక్క అంగుళం కూడా పక్కకు రాలేదు. పాత స్లాబులోని పగుళ్ల కథ వేరు. వాటిలో నింపిన మసాలా స్టెయిన్‌ను పీల్చుకోక బూడిద రంగు గీతల్లా మిగిలిపోయాయి. పగుళ్లు ఎక్కువున్న అరుగుకు యాసిడ్ స్టెయిన్ వద్దని నా అభిప్రాయం.

మేస్త్రీతో ముందే మాట్లాడుకోవలసినవి కొన్నున్నాయి. స్టీలు తాపీతో అద్దంలా నునుపు చేస్తే స్టెయిన్ లోపలికి దిగదు, తడిలో కాలు జారుతుంది. చీపురు గీతలు పెట్టించండి. కొత్త కాంక్రీటు తడి ఆరిపోకుండా కొట్టే క్యూరింగ్ కాంపౌండు వద్దనండి, అది పైన పొర కట్టి స్టెయిన్‌ను అడ్డుకుంటుంది. ప్లాస్టిక్ పట్టా కప్పితే దాని ముడతల గుర్తులు స్టెయిన్ వేశాక పైకి తేలతాయి. మేము వారం పాటు నీళ్లు పట్టాం. స్టెయిన్ వేసేముందు కనీసం 28 రోజులు ఆగాలి. పాత వైపు నాలుగు చుక్కల నీళ్లు వేసి చూడండి. ఇంకితే సరే. పూసల్లా నిలబడితే పాత సీలరో నూనెమరకో అడ్డుందన్నమాట, ముందు అది పోవాలి. శుభ్రం కోసమని విడిగా యాసిడ్‌తో మాత్రం కడగొద్దు. రంగు పట్టాల్సిన సున్నమే పోతుంది.

వేసేటప్పుడు లోహపు భాగాల్లేని ప్లాస్టిక్ స్ప్రేయరు, చేతులకు గ్లౌజులు, కళ్లద్దాలు తప్పనిసరి. పోయగానే సన్నగా నురగ పొంగుతుంది, అసలు రంగు గంటల మీద తేలుతుంది. ఆరాక వంటసోడా నీళ్లతో రుద్ది, తెల్లగుడ్డతో తుడిస్తే గుడ్డకు రంగు అంటనంత వరకు కడగాలి. ఈ కడగడంలో తొందరపడితే పైన ఎంత మంచి సీలర్ వేసినా పట్టుకోదు. నీలం, ఆకుపచ్చ రంగుల జోలికి బయట పోవద్దు. అవి రాగి లవణాలవి, తేమ తగిలితే నల్లబడతాయి.

ఇక సీలర్. మొదట వేసింది పైన పొరలా కట్టే సాల్వెంట్ ఆధారిత యాక్రిలిక్. వేసిన రోజు అరుగు అప్పుడే వాన కురిసినట్టు నిగనిగలాడింది, మనసు నిండిపోయింది. వానలు మొదలయ్యాక పూలకుండీల కింద గుండ్రంగా తెల్లటి మసక పట్టింది. కిందనుంచి వచ్చే తేమ ఆ పొర కింద చిక్కుకుపోతుంది. ఆ పొరను కరిగించే జైలీన్ అనే సాల్వెంట్‌ను రోలరుతో పూస్తే కొంత పోయింది, తర్వాత మళ్లీ వచ్చింది. ఎక్కువ నడిచే దారిలో పొర అరిగి మెరుపు పోయింది, తడిలో కాలు జారేది. చివరికి ఆ పొర మొత్తం తీయించి, కాంక్రీటులోకి ఇంకే సిలేన్-సిలాక్సేన్ రకానికి మారాం. మెరుపు పోయింది, రంగు కాస్త పొడిగా కనిపిస్తుంది, అది నిజం. కానీ తెల్లమసక లేదు, ఊడటం లేదు, జారటం లేదు. నీటి చుక్క పూసలా నిలబడటం మానేసినప్పుడు మరో పూత వేస్తే సరిపోతుంది. ఇప్పుడైతే నేరుగా ఇదే వేయిస్తాను.

మా తమ్ముడింట్లో నీటి ఆధారిత స్టెయిన్ వేశారు. అది సున్నంతో పని లేకుండా రంగుపొడిని రంధ్రాల్లో నింపుతుంది కాబట్టి పాతకూ కొత్తకూ తేడా మాకంటే తక్కువ. రంగులూ ఎక్కువ దొరుకుతాయి. అయితే అందులో రాతిలో ఉన్నట్టుండే ఆ మబ్బుచారల లోతు లేదు, నడకదారిలో అప్పుడే పలచబడింది. సమంగా ఉండటమే ముఖ్యమనుకునేవాళ్లు అదే తీసుకోవాలి. నాకు ఆ చారలే ఇష్టం.

మిగిలిన స్టెయిన్‌ను ప్లాస్టిక్ డబ్బాలోనే మూతపెట్టి, పిల్లలకు అందకుండా ఉంచండి. రంగు దిగేది పైపొర వరకే. మా అరుగు మీద బరువైన కుండీ పడి చిన్న పెచ్చు లేచినప్పుడు లోపలి బూడిద రంగు బయటపడింది. అక్కడి సీలర్ గీకేసి, దాచిన స్టెయిన్‌నే సన్నని బ్రష్షుతో అద్దాను. దగ్గరగా చూస్తే తెలుస్తుంది, నిలబడి చూస్తే తెలియదు.