భరత్‌పూర్ మంచులో పోయిన 1,200 రూపాయలు

జనవరిలో రాజస్థాన్‌లోని భరత్‌పూర్‌కు, అక్కడి కేవలాదేవ్ పక్షుల పార్కులో గద్దలను చూడటానికి వెళ్తున్నారా? తెల్లవారకముందే లేచి పరిగెత్తకండి. నేను పరిగెత్తాను.

ఆగ్రాలో రెండు రోజులు హాయిగా గడిచాయి. కష్టాలన్నీ భరత్‌పూర్ లాడ్జిలోనే మొదలయ్యాయి. గది 2,200 రూపాయలు. అడవి కనిపించే కిటికీ అన్నారు. తెరిస్తే పక్కింటి నీళ్ళ ట్యాంకు. హీటరుకు వేరే 300. వేడినీళ్ళని పంపిన బకెట్ మా తలుపు చేరేసరికి చల్లారిపోయింది. మంకీ క్యాప్ కళ్ళదాకా లాక్కుని కూర్చున్న మా బావమరిది “మన ఊళ్ళో గద్దలు లేవా బావా?” అని పడుకునేదాకా సణుగుతూనే ఉన్నాడు.

గైడును లాడ్జి యజమానే కుదిర్చాడు. గంటకు 300 చొప్పున నాలుగు గంటల డబ్బు ముందే ఇవ్వాలట. పొద్దున్నే వెళ్తేనే గద్దలు దొరుకుతాయన్నాడు ఆ గైడు. ఆరున్నరకు లోపలికి వెళ్తే పొగమంచుకు దారి పక్కన తుమ్మచెట్టు కూడా కనబడటం లేదు. ఆ మంచులోనే అతను ఒక నల్లటి ఆకారాన్ని చూపించి “ఇంపీరియల్ ఈగల్” అన్నాడు, అంటే చక్రవర్తి గద్ద. ఊపిరి బిగబట్టి పదిహేను ఫొటోలు తీశాను. మంచు పలచబడ్డాక చక్రవర్తిగారు మెడ చాపారు. నీటికాకి! ఆ ఉదయం మొత్తంలో బావమరిది నవ్వింది అప్పుడే.

పెద్ద గద్దలు అంత బరువుతో ఊరికే రెక్కలు కొట్టుకుంటూ తిరగవు. ఎండకు నేల కాగి, వేడిగాలి పైకి లేస్తే దాని మీద తేలుతూ తిరుగుతాయి. అందాకా కొమ్మ మీదే కునుకు. ఇది తెలియనివాడు గైడు ఎలా అయ్యాడు? తెలిసే చేశాడని నా అనుమానం. పదిన్నరకు ఎండ వచ్చింది, మా నాలుగు గంటలు అయిపోయాయి, అతను వెళ్ళిపోయాడు.

అప్పుడు సైకిల్ రిక్షా మాట్లాడుకున్నాం. మూడు గంటలకు 600 ఇచ్చాం. ఈ రిక్షావాళ్ళలో చాలామంది ఏళ్ళ తరబడి పక్షుల మధ్య తిరిగి ఆరితేరినవాళ్ళు. మాకు దొరికిన పెద్దాయన మితభాషి. ఒకచోట రిక్షా ఆపి, ఎండుకొమ్మ మీది మట్టిరంగు గద్దను చూపించి, “నోరు చూడండి” అన్నాడు హిందీలో. బైనాక్యులర్‌లో చూస్తే పసుపుపచ్చని నోటి చీలిక కంటి కిందుగా సాగి దాని వెనక అంచుదాకా వెళ్ళింది. స్టెప్పీ ఈగల్! దీన్ని పోలిన గ్రేటర్ స్పాటెడ్ ఈగల్ అనే గద్దకయితే ఆ గీత కంటి నడిమికే ఆగుతుందట. మధ్య ఆసియా గడ్డిమైదానాల నుంచి చలికాలం గడపడానికి వచ్చిన అతిథి మా వైపు ఒకసారి చూసి ఆవలించింది.

ఆ తర్వాత మడుగు దగ్గర, రెక్కలు కాస్త పైకెత్తి జమ్ము మీదుగా మార్ష్ హారియర్ అనే చిత్తడినేలల గద్ద వచ్చింది. చెల్లాచెదురుగా మేస్తున్న బొల్లికోళ్ళన్నీ నల్లటి ముద్దలా దగ్గరకు చేరి, కాళ్ళతో నీళ్ళు చిమ్మాయి. అది రెండు చుట్లు తిరిగి వదిలేసింది. బావమరిది నా చేతిలోని బైనాక్యులర్ లాక్కున్నాడు, సాయంత్రందాకా ఇవ్వలేదు. కేవలాదేవ్ గుడి దగ్గర రాజులనాటి వేట లెక్కలు చెక్కిన రాతిపలకలు ఉన్నాయి. 1938 నవంబరులో ఒక్కరోజే 4,273 పక్షులు! వాటిని కూడా వాడే బిగ్గరగా చదివి వినిపించాడు.

గది ఖాళీ చేసేటప్పుడు గైడు డబ్బు సంగతి ఎత్తాను. యజమాని రసీదు మీంచి తల ఎత్తకుండానే “నీటికాకి పక్షి కాదా సార్?” అన్నాడు.