అమీన్‌పూరా, అనంతగిరా?

హైదరాబాద్‌లో కెమెరా పట్టుకుని పిట్టల కోసం తిరిగేవాళ్లను ఎవరినడిగినా ముందు అమీన్‌పూర్ చెరువుకే వెళ్లమంటారు. 2016లో జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా గుర్తింపు వచ్చిన చెరువది, మియాపూర్ దాటి కాస్త ముందుకెళ్తే చాలు. చలికాలంలో రాజహంసలు (ఫ్లెమింగోలు) దిగుతాయి. కానీ ఒడ్డుకు బాగా దూరంగా మేస్తాయి. కనీసం నాలుగొందల మిల్లీమీటర్ల లెన్స్ లేకపోతే ఫొటోలో గులాబీ చుక్కలే కనిపిస్తాయి. పైగా వెనకంతా అపార్ట్‌మెంట్లు. నాకైతే అదే నచ్చింది. బాల్కనీల్లో ఆరేసిన చీరల ముందు నుంచి రాజహంసల గుంపు ఎగిరే ఫొటో ఇంకే అడవిలో దొరుకుతుంది?

అంత లెన్స్ కొనలేనివాళ్లకు రోజువారీ అద్దెకిచ్చే షాపులున్నాయి. ఆధార్ చూసి, డిపాజిట్ తీసుకుని ఇస్తారు. నేను తెచ్చుకున్న లెన్స్‌లో ఆటోఫోకస్ సగం సేపు పనిచేయలేదు. తిరిగిచ్చేటప్పుడు అడిగితే 'మీ కెమెరానే పాతది సార్' అన్నాడు. షాపులోనే కెమెరాకు బిగించి, రోడ్డవతలి బోర్డును రెండు ఫొటోలు తీసి చూశాకే డబ్బు కట్టండి.

సీతాకోకచిలుకలకైతే ఊరు దాటక్కర్లేదు. వానలు తగ్గుముఖం పట్టాక కొత్తగూడ బొటానికల్ గార్డెన్‌కి వెళ్లండి. పొద్దున్నే రావడం ముఖ్యం, ఒళ్లు వేడెక్కితే గాని అవి ఎగరలేవు. అప్పటిదాకా ఆకుల మీద రెక్కలు పరిచి ఎండ కాగుతుంటాయి. తర్వాత వాటి వెంట పరుగెత్తి లాభం లేదు, జిల్లేడు పొద దగ్గరో నిమ్మచెట్టు దగ్గరో కాపు కాయాలి. నిమ్మ ఆకుల మీద గుడ్లు పెట్టడానికి కామన్ మార్మన్ ఆడది వస్తుంది. దాని రెక్కల మీద ఎర్ర మచ్చలు చూసి క్రిమ్సన్ రోజ్ అనే వేరే సీతాకోకచిలుక అనుకుంటాం. ఆ రోజ్ ఒంట్లో విషం ఉంటుంది, పిట్టలు ముట్టవు. అందుకే మార్మన్‌కి ఆ వేషం. ఫొటో పెద్దది చేసి ఒళ్లు చూడండి: ఎర్రగా ఉంటే రోజ్, నల్లగా ఉంటే మార్మన్.

పిట్టలూ సీతాకోకచిలుకలూ రెండూ కావాలంటే అనంతగిరి గుట్టలు. నగరానికి సుమారు ఎనభై కిలోమీటర్లు, వికారాబాద్ దాకా రైలుంది. వాగు పక్క తడి ఇసుక మీద సీతాకోకచిలుకలు గుంపుగా వాలి, సన్నని తొండం గుచ్చి లవణాలు పీల్చుకుంటుంటాయి. బోర్లా పడుకుని నెమ్మదిగా జరిగితే జానెడు దూరం దాకా రానిస్తాయి. ప్యాంటు సంగతి మర్చిపోవాలి.

బస మాత్రం ఆలోచించి చూసుకోండి. గుట్ట కింద మేం దిగిన రిసార్ట్‌లో అర్ధరాత్రి దాకా డీజే, టిఫిన్ తొమ్మిదికి. ఆ వేళకి పిట్టల సందడి అయిపోతుంది. దానికన్నా వికారాబాద్ ఊళ్లో మామూలు లాడ్జి మేలు, తెల్లవారుజామునే బస్టాండ్ దగ్గర టీ తాగి ఆటోలో గుట్టెక్కొచ్చు. రిసార్టే కావాలంటే బుక్ చేసేముందు పొద్దున ఆరింటికి గేటు తీస్తారో లేదో అడగండి. స్విమ్మింగ్ పూల్ సంగతి తర్వాత.